నవ్వు వెనుక పగిలిన అద్దము

హాస్యమునకు కరుణ విరోధి యని మన ఆలంకారికుల నిర్ణయము. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు రసముల శత్రుత్వమును చెప్పునపుడు శృంగారమునకును కరుణను విరోధిగానే లెక్కించినాడు. కారణము ఊహింపరానిది కాదు. నవ్వుచున్నవాని కంట నీరు తెప్పింపబోయినచో నవ్వును చెడును, దుఃఖమును చెడును. అయినను 1960లో వెలువడిన 'ది అపార్ట్‌మెంట్' అను అమెరికను చలనచిత్రములో ఈ మూడు రసములును ఒకే అద్దె వాటాలో కాపురముండినవి. అవి ఒకదానినొకటి చంపుకొనకుండ దర్శకుడు బిల్లీ వైల్డర్ ఎట్లు కాపాడెనో పరిశీలింపదగినది.

వైల్డర్ పుట్టుకచే అమెరికనుడు కాడు. 1906లో నాటి ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యమున, నేటి పోలండులో చేరిన ఒక చిన్న పట్టణములో, యూదు కుటుంబమున జన్మించినాడు. వియన్నా, బెర్లిన్ నగరములలో పత్రికా విలేఖరిగా పనిచేసి, 1933లో హిట్లరు అధికారమునకు రాగానే జర్మనీని విడిచినాడు. అమెరికా చేరునాటికి ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రము. సహరచయిత ఐ. ఏ. ఎల్. డైమండ్ కూడ తూర్పు ఐరోపానుండి బాల్యమున వలసవచ్చినవాడే. ఈ యిద్దరు పరదేశులు కలసి న్యూయార్కు గుమాస్తాల వాడుకమాటను తుపాకి గుండ్లవలె ప్రేల్చినారు. ప్రతి నామవాచకమునకు 'వైజ్' అను తోక తగిలించి మాటలాడుట ఆనాటి కచేరీలలో ఒక వెర్రి. ఆ తోకను పట్టుకొని వీరు చిత్రమంతట నవ్వించినారు. పరభాషను చెవితో నేర్చినవానికే దాని వింతపోకడలు బాగుగ వినబడునేమో!

కథాబీజము 1945నాటి 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్' అను ఆంగ్ల చిత్రమునుండి వచ్చినది. అందులో వివాహితులైన ప్రేయసీప్రియులు ఒక మిత్రుని వాటాలో కలుసుకొన యత్నింతురు. అందరును ఆ ప్రేమికులను గూర్చి విచారింపగా, వైల్డర్ మాత్రము ఆ మిత్రుని గూర్చి ఆలోచించినాడు. వారు వెళ్లిన పిమ్మట ఆ యింటికి తిరిగివచ్చి, ఇంకను వెచ్చగా నున్న పడకపై ఒంటరిగా పరుండువాని బ్రతుకెట్టిది?

ఆ ప్రశ్నకు సమాధానమే బాక్స్టర్. జాక్ లెమ్మన్ ధరించిన ఈ పాత్ర ఒక పెద్ద బీమా సంస్థలో గుమాస్తా. చిత్రారంభముననే అతడు గడగడ లెక్కలు చెప్పును: న్యూయార్కు జనాభా 80,42,783; వారినందరిని ఒకరి వెనుక ఒకరిని పరుండబెట్టినచో టైమ్స్ స్క్వేర్ నుండి కరాచీ పొలిమేర వరకు వత్తురట. తన సంస్థలో 31,259 మంది ఉద్యోగులట. ఇన్ని అంకెలు తెలిసినవానికి తనవారనువా రొక్కరును లేరు. పై అధికారులు తమ రహస్య ప్రణయములకై అతని వాటా తాళము అడుగుదురు. ఉద్యోగోన్నతికి ఆశపడి అతడిచ్చును. ఆ అధికారులలో నొకడైన షెల్డ్రేక్‌ను నమ్మి మోసపోయినది లిఫ్టు నడుపు ఫ్రాన్. షిర్లీ మెక్లెయిన్ ఆ పాత్రను ధరించినది.

ఇక శిల్పరహస్యము ఇక్కడనే యున్నది. వీరి సంభాషణలో వేగమంతయు దాచుటకే. నిజము బయటపడుచోట మాట ఆగిపోవును. క్రిస్మసు వేడుకనాడు బాక్స్టర్ క్రొత్త టోపీ పెట్టుకొని ఎడతెరిపి లేక మాటలాడుచుండును. అందము చూచుకొమ్మని ఫ్రాన్ తన పౌడరు డబ్బా అద్దము నందించును. ఆ అద్దము పగిలియున్నది. తన వాటాలో ఎవరో స్త్రీ మరచిపోగా తానే షెల్డ్రేక్ చేతికిచ్చిన అద్దమది! అతని ముఖము ఆ బీటలో రెండుగా కనబడును. అద్దము పగిలినదని అతడనగా, తన మనసువలెనే కనబడుటచే తనకదియే ఇష్టమని ఆమె చెప్పును. రెండు హృదయభంగములను చూపుటకు వైల్డర్‌కు ఒక్క అద్దము చాలినది. పాఠశాలలలో ధ్వని యనగా నేమని విద్యార్థులడిగినపుడు చూపదగిన ఘట్టమిది.

ఆనాటి రాత్రియే ఫ్రాన్ అతని వాటాలో నిద్రమాత్రలు మ్రింగును. ఆ సంగతి తెలియని బాక్స్టర్, మద్యశాలలో పరిచయమైన ఒక వాగుడుకాయతో ఇల్లు చేరును. ముందుగదిలో ప్రహసనము, పడకగదిలో ప్రాణాపాయము. పొరుగు వాటా వైద్యుడు ఆమెను చెంపలపై కొట్టి, కాఫీ త్రాగించి, గదిలో నడిపించుచుండగా వైల్డర్ నవ్వును పూర్తిగా తలుపు వెలుపల నిలిపినాడు. మరునాడు గాని లోనికి రానీయలేదు. వచ్చినపుడును అది పరిహాసముగా రాలేదు, పరిచర్యగా వచ్చినది. బాక్స్టర్ ఇటలీవారి స్పగెట్టి వండి, వార్చుటకు వేరొక సాధనము లేక టెన్నిసు బ్యాటుపై వార్చుచు పాడుకొనును. ఆమెకు మొదటిసారిగ ఆకలియగును. ప్రేమ యను మాట ఎవరును పలుకలేదు గాని, ప్రేక్షకునికి తెలిసిపోవును.

ఇంత కట్టుదిట్టమైన కథ చిత్రీకరణ ఆరంభమగునాటికి పూర్తిగా వ్రాయబడనేలేదు. ముగింపు తెలియకయే నటించితినని మెక్లెయిన్ తరువాత చెప్పినది. ఆ రోజులలో ఆమె జిన్ రమ్మీ అను పేకాట నేర్చుకొనుచుండగా రచయితలు దానిని కథలోనికి లాగుకొన్నారు. వ్రాసిన మాటలో ఒక్క అక్షరము మార్చుటకును నటులకు స్వేచ్ఛ లేదు. బీమా కచేరీ అనంతముగా కనబడుటకు కళాదర్శకుడు అలెగ్జాండర్ ట్రానర్ వెనుకకు పోనుపోను చిన్న బల్లలు వేయించి, వాటిముందు పొట్టివారిని కూర్చుండబెట్టినాడు.

ఇట్టి మలినకథతో నవ్వించుట తగదని 1960లో కొందరు విమర్శకులు ముక్కు విరిచినారు. 1961లో ఉత్తమ చిత్రముతో కలిపి ఐదు ఆస్కార్ బహుమానములు దానికి లభించినవి. విమర్శకుల ఆక్షేపణ పూర్తిగా త్రోసివేయదగినది కాదు. బాక్స్టర్ తాళమిచ్చిన పాపములో భాగస్వామియే. అతడు తుదకు ఆ తాళము నిరాకరించి, ఉద్యోగము వదలుకొన్న తరువాతనే రచయితలు అతనికి ఫ్రాన్‌ను దక్కనిచ్చిరి.

ఆ సంగతి విని నూతన సంవత్సరపు రాత్రి ఆమె పరుగున వచ్చును. మెట్లపై నుండగా ఢామ్మని చప్పుడు. ఒకప్పుడు ప్రేమలో విఫలుడై తుపాకి పట్టిన కథను బాక్స్టర్ ఆమెకు ముందే చెప్పియుండుటచే ఆమె గుండె జారిపోవును. తలుపు తీసినవాని చేతిలో పొంగుచున్న షాంపేను సీసా! ఈ ఎత్తు కొంత నాటకీయమే గాని, సమయమునకు పారినది. తరువాత ఇద్దరును సోఫాపై కూర్చుందురు. అంతవరకు గడగడ మాటలాడినవాడు మెల్లగా, మొదటిసారిగ, ఆమెను ఆరాధించుచున్నానని చెప్పును. ఆమె చిరునవ్వుతో పేకముక్కలు చేతికిచ్చి, ఇక మాటలు కట్టిపెట్టి పంచుమనును. ఆమెపైనుండి చూపు మరల్చకయే అతడు పంచసాగును.