సరిహద్దు దాటే విహారయాత్రకు ప్రణాళిక: చాపాడు నుండి హంపి, మైసూరులకు

యాత్రా ప్రణాళిక సూత్రాలను గత పాఠ్యభాగంలో చదివారు. వాటిని ఇప్పుడు ఒక ఉదాహరణకు అన్వయిద్దాం. కడప జిల్లా చాపాడులో కొత్తగా పెళ్ళైన దంపతులు పొరుగు రాష్ట్రమైన కర్ణాటకకు హనీమూన్ వెళ్ళదలచారు. ప్రణాళిక వేసే బాధ్యత మీకు అప్పగించారనుకోండి. వారి దగ్గరున్నది పెళ్ళి చదివింపుల్లో మిగిలిన 30,000 రూపాయలు, ఆరు రోజుల సెలవు. ఆ డబ్బు మళ్ళీ చేతికి రాదు, ఆ సెలవూ అంతే. కాబట్టి ఈ ప్రణాళికలో పొరపాటుకు చోటు తక్కువ.

మొదట ఇద్దరినీ విడివిడిగా అడగండి. చాలా ఇళ్ళలో వరుడి స్నేహితులే యాత్రను నిర్ణయిస్తారు, వధువుకు ప్రయాణం ముందురోజు తెలుస్తుంది. ఆమెకు కొండలెక్కడం ఇష్టమా, బస్సులో వాంతులవుతాయా, ఇంతకుముందు ఎక్కడెక్కడికి వెళ్ళింది అన్నవి తెలియకుండా వేసిన పథకం సగం పథకమే.

సరిహద్దు గురించి

ఈ సరిహద్దు పాతది కాదు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో కడప, బళ్ళారి రెండూ ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. నేటికీ బళ్ళారిలో తెలుగు మాట్లాడితే పని జరుగుతుంది. మైసూరుకు వెళ్ళేసరికి మాత్రం నాలుగు కన్నడ మాటలు తెలిసి ఉండడం మంచిది.

భాష కలిసినా నిబంధనలు కలవవు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఉచిత బస్సు పథకం అంతర్రాష్ట్ర సర్వీసులకు వర్తించదు. కర్ణాటకలో 2023 జూన్ నుండి అమలులో ఉన్న శక్తి పథకం ఆ రాష్ట్రవాసులైన మహిళలకే. కాబట్టి మన వధువు సరిహద్దుకు ఇటు నుండి అటు వెళ్ళే బస్సులోనూ, అటువైపు తిరిగే బస్సుల్లోనూ టికెట్ కొనవలసిందే. చార్జీల లెక్కలో ఇద్దరినీ చేర్చండి.

వాహనం మాట్లాడుకుంటే పసుపు నంబరు ప్లేటు ఉన్న టాక్సీనే తీసుకోండి. దానికి అఖిల భారత పర్యాటక పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే కర్ణాటకలో ప్రవేశానికి పన్ను కట్టాలి, ఆ భారం చివరికి మీ మీదే పడుతుంది. తెలిసినవారి సొంత కారును బాడుగకు తీసుకోవడం మన ఊళ్ళలో మామూలే గాని అది నిబంధనలకు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా చిక్కుల్లో పడుతుంది.

మరో చిన్న జాగ్రత్త. హంపి ఇప్పుడు బళ్ళారి జిల్లాలో లేదు. 2021లో హోసపేట కేంద్రంగా విజయనగర జిల్లా ఏర్పడింది. ఆన్‌లైన్‌లో గది వెతికేటప్పుడు మన ఉత్తరాంధ్రలోని విజయనగరంతో దీన్ని కలిపేసుకోకండి. ఒకటి తుంగభద్ర దగ్గర, మరొకటి విశాఖపట్నం దగ్గర!

కాలం, ముహూర్తం

జ్యేష్ఠంలో పెళ్ళయితే ఆషాఢం ముంచుకొస్తుంది. ఆ నెల కొత్త కోడలు పుట్టింట ఉండే ఆనవాయితీ మన ప్రాంతంలో చాలా కుటుంబాలు పాటిస్తాయి. పదహారు రోజుల పండుగ కాకుండా ఊరు దాటరాదనే ఇళ్ళూ ఉన్నాయి. ఇవి మీకు నచ్చాయా లేదా అన్నది వేరే సంగతి. పెద్దలను ముందుగా అడగకుండా టికెట్లు తీస్తే, రద్దు చేసుకునే ఖర్చు మీదవుతుంది. ఇక ఏప్రిల్, మే నెలల్లో హంపి బండరాళ్ళ మధ్య పగలు తిరగడం శిక్షే. అప్పుడు వెళ్ళక తప్పకపోతే ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగు తరువాత చూసేలా పెట్టుకోండి.

రైలు టికెట్లను 2024 నవంబరు 1 నుండి ప్రయాణ తేదీకి 60 రోజుల ముందు మాత్రమే తీసుకోగలం, అంతకుముందు 120 రోజులుండేది. ఆన్‌లైన్‌లో తీసిన టికెట్ చార్టు తయారయ్యాక కూడా పూర్తిగా నిరీక్షణ జాబితాలోనే మిగిలితే దానంతటదే రద్దవుతుంది, దానితో రైలెక్కకూడదు. టికెట్‌పై వధువు పేరు ఆమె ఆధార్‌లో ఉన్నట్టే రాయండి. పెళ్ళితో ఇంటిపేరు మారిందని కొత్త పేరు రాస్తే గుర్తింపు పత్రంతో కలవదు.

కదలని దాని చుట్టూ కదిలేవి

ఎన్నో స్థలాలను వరుసగా రాసి వాటికి రోజులు పంచడం చాలామంది విద్యార్థులు చేసే పని. దానికి బదులు మార్చలేని అంశాన్ని ముందు పట్టుకోండి. మైసూరు రాజభవనం 1912లో పూర్తయింది. సుమారు లక్ష దీపాలతో దాని పూర్తి అలంకరణ ఆదివారాలు, ప్రభుత్వ సెలవు దినాలు, దసరా రోజుల్లో సాయంత్రం కొద్దిసేపే ఉంటుంది. మైసూరు జంతు ప్రదర్శనశాలకు మంగళవారం సెలవు. అంటే ఆదివారం సాయంత్రానికి మైసూరులో ఉండాలి, జంతుశాలను సోమవారం చూడాలి. ఇక్కడి నుండి వెనక్కి లెక్కిద్దాం.

హుబ్బళ్ళి నుండి మైసూరు వెళ్ళే హంపి ఎక్స్‌ప్రెస్ హోసపేట, బళ్ళారి, అనంతపురం, హిందూపురం, బెంగళూరుల మీదుగా రాత్రి ప్రయాణం చేస్తుంది. కర్ణాటకలో ఎక్కి కర్ణాటకలో దిగే ఈ రైలు మధ్యలో మన రాష్ట్రం గుండా పోవడం ఒక విచిత్రం. శనివారం రాత్రి దాన్ని ఎక్కితే ఆదివారం మైసూరు. అప్పుడు హంపికి శుక్ర, శనివారాలు దొరుకుతాయి. అక్కడికి గురువారం రాత్రి బయలుదేరాలి. తిరుపతి నుండి కొల్హాపూర్ వెళ్ళే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ కడప, గుంతకల్లు, బళ్ళారి, హోసపేటల మీదుగా పోతుంది. ఎర్రగుంట్లలో ఎక్కాలా, కడపలోనా అన్నది ఆనాటి సమయపట్టికలో చూసుకోండి. మంగళవారం పగలు బెంగళూరు లాల్‌బాగ్, రాత్రి ప్రొద్దుటూరు బస్సు. బుధవారం ఉదయానికి చాపాడు.

ఈ పథకంలో ఆరు రాత్రులకు మూడే గది అద్దెలు. డబ్బు మిగులుతుంది నిజమే. కానీ కొత్త దంపతులను మూడు రాత్రులు వాహనాల్లో, అందులో రెండు ఎదురెదురు బెర్తుల్లో పడుకోబెట్టే పథకాన్ని నేనైతే మంచి పథకమనను. శనివారం హోసపేటలోనే ఉండి ఆదివారం పగటిపూట బయలుదేరితే మరో గది అద్దె పడుతుంది, దీపాలంకరణ పోతుంది. ఏది ముఖ్యమో వాళ్ళిద్దరినీ తేల్చుకోనివ్వండి.

హంపిలో పాత సమాచారాన్ని నమ్మకండి. నది అవతల విరూపాపుర గడ్డెలోని విశ్రాంతి గృహాలను సుప్రీంకోర్టు తీర్పు తరువాత 2020లో కూల్చివేశారు. పాత పుస్తకాల్లో వాటి పేర్లు ఇంకా కనిపిస్తాయి. బస హోసపేటలో పెట్టుకోవడం సుళువు, హంపి అక్కడికి 13 కిలోమీటర్లే. ఆలయ గ్రామమైన హంపిలో మాంసాహారం దొరకదు, అది కావాలంటే హోసపేటే గతి. యాభై రూపాయల నోటు మీద మీరు చూసే రాతిరథం విఠల ఆలయంలోనిది. అక్కడ తీసుకున్న టికెట్ అదే రోజు కమల మహల్‌కూ పనికొస్తుంది కనుక రెండింటినీ ఒకే రోజు పెట్టుకోండి.

లాడ్జిలో ఇద్దరి గుర్తింపు పత్రాలూ అడుగుతారు. పెళ్ళి ధ్రువపత్రం చూపి తీరాలన్న చట్టమేదీ లేదు. అయినా కొందరు ప్రశ్నిస్తారు. ఆధార్‌లలో రెండు ఊళ్ళు ఉంటాయి కాబట్టి శుభలేఖ ఫొటో ఫోనులో ఉంచుకుంటే వాదన తప్పుతుంది.

ఖర్చు అంచనా

కింది అంకెలు అభ్యాసం కోసమే, నేటి ధరలు మీరే కనుక్కోవాలి. మూడు రాత్రులకు 2,500 చొప్పున గది 7,500. రైలు, బస్సు, ఆటోలకు 8,000. ఐదు రోజుల భోజనం రోజుకు 1,200 చొప్పున 6,000. ప్రవేశ రుసుములు, కొనుగోళ్ళు 4,000. మొత్తం 25,500. మిగిలిన 4,500, అంటే 15 శాతం, జ్వరానికో తప్పిపోయిన రైలుకో. దాన్ని మైసూరు పట్టుచీరకు వాడేద్దామనే ఆలోచన ఆదివారమే పుడుతుంది. చీర కొనదలిస్తే దానికి వేరే పద్దు ఇప్పుడే రాసుకోండి.

అభ్యాసం

వరుడికి సోమవారం ఉదయం నుండి శనివారం రాత్రి వరకే సెలవు దొరికిందనుకోండి. ఆ వారంలో ప్రభుత్వ సెలవులేవీ లేవు. హంపి, మైసూరులలో దేన్ని ముందు పెడతారు? జంతుశాలను ఏ రోజు చూపిస్తారు? కారణాలతో పది వాక్యాల్లో రాయండి.