ఒక జీవితం, రెండు ఓట్లు

పుదుచ్చేరి నుండి కడలూరు పోయే రహదారిపై కిరుమాంబాక్కం ఉన్నది. బాహూరు కమ్యూన్‌కు చెందిన గ్రామమిది. ఈ ఊళ్ళో 1947లో పుట్టిన మనిషి నొకరిని ఊహించుకోండి. 1968లో, ఇరవై ఒకటవ యేట, ఆయన స్థానిక ఎన్నికలలో తొలి ఓటు వేశాడు. రెండవ ఓటు వేసేనాటికి ఆయనకు 59 యేళ్ళు. అది 2006. ఆ పాలకవర్గాల గడువు 2011లో ముగిసినది. 2025 వచ్చినా మూడవ ఓటుకు పిలుపు రాలేదు. ఆయన బిడ్డ 1989లో పుట్టి ఉంటే, తన వీథి బాగోగులు చూసే ప్రతినిధిని ఎన్నుకొనే భాగ్యం ఆ బిడ్డకు ఒక్కసారీ కలగలేదు.

విసిగిన ఓటరంటే పోలింగునాడు గుమ్మం దాటని బద్ధకస్తుడని చాలామంది భావన. ఇక్కడ ఆ మాట చెల్లదు. 2021 శాసనసభ ఎన్నికలలో పుదుచ్చేరి ఓటర్లలో నూటికి ఎనభైమందికి పైగా ఓటు వేశారు. విసుగు ఓటు మీద కాదు, ఓటు తరువాత జరిగే దాని మీద.

ప్రభుత్వం ఖర్చు చేయటం లేదని ఎవరూ అనలేరు. 2025-26కు పుదుచ్చేరి బడ్జెట్ 13,600 కోట్ల రూపాయలు. ఇంత చిన్న ప్రాంతానికి అది చిన్న మొత్తమేమీ కాదు. కాని ఏ కాలువ పూడిక తీయాలో, ఏ మలుపున దీపం పెట్టాలో చెప్పవలసిన కమ్యూన్ పంచాయతీలో ఎన్నికైన సభ్యుడు లేడు. కుర్చీలో ఉన్నది అధికారి. అధికారి సమర్థుడే కావచ్చు. అయినా టీ కొట్టు వద్ద ఆపి నిలదీయటానికి ఆయన ఊరివాడు కాడు, అయిదేళ్ళకు ఓడించటానికి అభ్యర్థీ కాడు. ఉచిత బియ్యమా, బదులుగా నగదా అన్న విషయంపై లెఫ్టినెంట్ గవర్నరు కిరణ్ బేడీకి, నారాయణస్వామి మంత్రివర్గానికి సంవత్సరాల తరబడి పోరు నడిచినది. చివరకు నగదు ఖాయమైనది. మూతబడిన రేషన్ దుకాణాలు 2024లో మరల తెరుచుకొన్నవి. ఇంతలో ఆ బియ్యం తినే ఇల్లాలి అభిప్రాయం అడిగే గ్రామ వేదిక ఒక్కటీ లేదు.

విచిత్రమేమంటే, ఈ నేల భారతదేశంలో కలిసినదే స్థానిక ప్రతినిధుల ఓటుతో. 1954 అక్టోబరు 18న కీళూరులో శాసనసభ, పురపాలక సభ్యులు 178 మంది ఓటు వేయగా, 170 మంది విలీనాన్ని కోరారు. దేశం మారటానికి సరిపోయిన ప్రతినిధులు, దేశం మారిన తరువాత మురుగుకాలువకు అక్కరలేకపోయారు! 1973లో పంచాయతీల చట్టం వచ్చినది. అయిదేళ్ళకొకసారి ఎన్నిక తప్పదని 1993లో రాజ్యాంగమే శాసించినది. ఎన్నికలు జరపండని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. 2021 అక్టోబరుకు తేదీలు ప్రకటించి కూడా, రిజర్వేషన్ల వివాదం న్యాయస్థానానికెక్కటంతో ఆపివేశారు.

అమెరికాలో అసలు ఎన్నికకు ముందు, పార్టీ తరఫున ఎవరు నిలవాలో తేల్చటానికి మరొక ఎన్నిక ఉన్నది. దానిని ప్రైమరీ అంటారు. మన దేశంలో 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు కాంగ్రెసు పార్టీ కొద్ది నియోజకవర్గాలలో దానిని ప్రయత్నించి చూసినది, అది వేళ్ళూనలేదు. టిక్కెట్టు పైనుండే దిగుతుంది. 2013 నుండి మీటపై ‘నోటా’ మీట ఉన్నా, దానికెన్ని ఓట్లు వచ్చినా మిగిలినవారిలో ముందున్నవాడే గెలుస్తాడు.

మనకు ప్రైమరీ వంటిది ఏదైనా ఉన్నదంటే అది ఊరి ఎన్నికే. అక్కడ చిన్న సొమ్ము అప్పగించి మనిషిని పరీక్షించి, పిదప పెద్ద సొమ్ము అప్పగించవచ్చును. టంగుటూరి ప్రకాశం రాజమహేంద్రవర పురపాలక అధ్యక్షుడైన తరువాతనే ముఖ్యమంత్రి పదవి దాకా ఎదిగారు. పుదుచ్చేరి తొలి ముఖ్యమంత్రి ఎడ్వర్డ్ గూబేర్ కూడ అంతకుముందు పట్టణ మేయరే. కిరుమాంబాక్కంలో ఆ మొదటి మెట్టును తీసివేసి, మేడ మీదివారిని మాత్రం ఎన్నుకొమ్మంటున్నారు.

తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. పుదుచ్చేరిలో భాగమైన మన యానాంకు కూడ ఇదే గతి పట్టినది. 2021 ఫిబ్రవరిలో చుట్టూ ఉన్న ఆంధ్ర పల్లెలు సర్పంచులను ఎన్నుకొన్నవి. నడుమనున్న యానాంలో మాత్రం పురపాలక సంఘం అధికారుల చేతిలోనే ఉండిపోయినది.