ముక్కులో కండ, చెరువు నీళ్ళు



మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఫిబ్రవరి దాటితే బోరులో నీళ్ళు వచ్చేవి కావు. తువ్వాళ్ళు భుజాన వేసుకుని అందరం ఊరి చెరువుకు పోయేవాళ్ళం. ఒక పక్క గేదెలు, ఇంకో పక్క మేము. మరుసటి ఏడాది మాలో ఒకడికి ఎడమ ముక్కు మూసుకుపోయింది. చీదితే నెత్తురు. టార్చిలైటు వేసి చూస్తే లోపల ఎర్రటి కండ వేలాడుతోంది. "అది అంటుకుంటుందిరా" అన్నారెవరో. అంతే, వాడి చాప వరండాలోకి, కంచం కిటికీ గూట్లోకి వెళ్ళిపోయాయి. వేరే గ్లాసు అంటే ఏమిటో ఊళ్ళల్లో చూసి వచ్చిన పిల్లలమే మేమంతా. అయినా పెట్టాం. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

ఆ జబ్బు పేరు రైనోస్పోరిడియోసిస్. దాన్ని కలిగించే జీవి రైనోస్పోరిడియం సీబరీ. 1900లో అర్జెంటీనాలో సీబర్ అనే వైద్య విద్యార్థి తన పరిశోధన వ్యాసంలో దీన్ని వర్ణించాడు. అయితే ఎక్కువగా కనిపించేది మన దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ. చెరువుల్లో, కుంటల్లో మునిగేవాళ్ళకు ముక్కు లోపలి పొర ఎక్కడైనా గీసుకుపోయి ఉంటే అక్కడినుంచి లోపలికి చేరుతుందని భావిస్తున్నారు. చాలాకాలం దీన్ని ఫంగస్ అనుకున్నారు. 1999 ప్రాంతంలో జన్యు పరీక్షలు చేస్తే ఫంగస్ కాదని, చేపలకు జబ్బు చేసే కొన్ని సూక్ష్మజీవులకు దగ్గరి చుట్టమని తేలింది.

ఇది పుస్తకాలవాళ్ళ గొడవ మాత్రమే కాదు. ఫంగస్ మందులు దీనిమీద పనిచేయవు. మావాడికి ఒకచోట రెండు నెలలు ముక్కులో చుక్కలు వేశారు. ఇంకోచోట కండను పట్టకారుతో లాగి తెంపారు. నెత్తురు ధారగా పోయింది. ఆరు నెలలకు మళ్ళీ మొలిచింది, ఈసారి రెండుచోట్ల. సగం తెంపితే లోపలి బీజాలు పక్కన చిందుతాయని మాకు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీకి వచ్చాకగానీ తెలియలేదు. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివినవాళ్ళం మేమే మొదలు. అప్పుడు అడగడానికి ఎవరున్నారు?

గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. కండ గరుకుగా, ఎర్రగా ఉంటుంది, పైన తెల్లటి రవ్వ చల్లినట్టు చుక్కలు. తీసిన ముక్కను తప్పకుండా పరీక్షకు పంపాలి. ల్యాబ్‌లో దీన్ని మామూలుగా పెంచడం కుదరదు, కాబట్టి కల్చర్ చేయించి లాభం లేదు, మైక్రోస్కోపే దిక్కు. మేము మొదటిసారి ఆ స్లైడు చూసినప్పుడు కోసిన దానిమ్మకాయే గుర్తొచ్చింది. మందపాటి గోడలున్న గుండ్రటి సంచులు, వాటి నిండా గింజల్లా బీజాలు. పెద్ద సంచి మిల్లీమీటరులో మూడోవంతు దాకా ఉంటుంది.

వైద్యం ఆపరేషనే. కండను మొత్తంగా తీసి, మొలిచిన చోటును కరెంటు పరికరంతో కాల్చాలి. మళ్ళీ రాకుండా కొందరికి డాప్సోన్ ఇస్తారు, కుష్ఠుకు వాడే మందే. కొందరి ఒంట్లో అది ఎర్ర రక్తకణాలను చితక్కొడుతుంది. అందుకని ముందు జి6పిడి అనే రక్తపరీక్ష చేయాలి. సొంతంగా కొని మింగకండి.

ఇలా ఫంగస్‌లా కనిపించి మోసం చేసేది ఇంకొకటుంది, కంటికి వచ్చే పైథియం. ఇదీ నీళ్ళలో ఉండేదే. నల్లగుడ్డు మీద పుండు పడుతుంది, మైక్రోస్కోపులో అచ్చం ఫంగస్ దారాలే. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వైద్యులు లినెజోలిడ్, అజిత్రోమైసిన్ అనే బ్యాక్టీరియా మందులతో మంచి ఫలితం వచ్చిందని 2018లో ప్రచురించారు. పొలం నీళ్ళు పడి కన్ను ఎర్రబడితే మెడికల్ షాపు చుక్కలతో వారాలు గడపొద్దు.

చెరువుకు పోవద్దని చెప్పడం తేలికే, బోరు ఎండితే ఎక్కడికి పోవాలి? పోక తప్పకపోతే మునగకుండా చెంబుతో పోసుకోండి. ముక్కులో పుండుంటే అసలు దిగకండి. ఒక ముక్కే మూసుకుపోయి నెత్తురు వస్తుంటే పెద్దాసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారికి చూపించండి.

ఇంకొక మాట. ఇది మనిషినుంచి మనిషికి సోకినట్టు ఎక్కడా దాఖలా లేదు. కంచం కలిసినా, చాప కలిసినా రాదు.

మావాడికి సరైన ఆపరేషన్ జరిగి ఏడేళ్ళయింది. ఇది ఏళ్ళ తర్వాత కూడా తిరగబెట్టవచ్చు కాబట్టి ఏడాదికోసారి చూపించుకోవడానికి వెళ్తాడు. ఇప్పుడు మాలో ఒకరం తోడు వెళ్తున్నాం.