పండుగ సెలవులలో వినోదయాత్ర: తగిన వేళ నెన్నుకొనుట

సెలవులు ముగిసిన పిమ్మట "సెలవులు గడపిన విధము" అను వ్యాసమును విద్యార్థులచేత వ్రాయించుట పాఠశాలలలో చిరకాలపు వాడుక. కొన్ని సంవత్సరములుగా ఆ వ్యాసములలో అమ్మమ్మగారి యూరు, సముద్రతీరము, సింహాచలపు కొండ, వీనితోడ హైదరాబాదు దగ్గఱనున్న రామోజీ ఫిలిం సిటీయు వండర్లాయు తఱచుగ కనబడుచున్నవి. చిత్రమేమనగా, అచ్చటికి పోయివచ్చిన బాలురలో పెక్కండ్రు ఎక్కిన ఉయ్యాలలను నాలుగు వాక్యములలో ముగించి, వరుసలో నిలిచిన గంటలను గుఱించి పుట నిండ వ్రాయుదురు. తండ్రి నెలలతరబడి మిగిల్చిన సొమ్మును, తల్లి యడిగి తెచ్చుకొన్న నాలుగు దినముల సెలవును ఇట్లు ఎండలో నిలువబడుటకు వ్యయమగుట మాకు వ్యసనకరముగ తోచినది. స్థలమును మార్చనక్కఱలేదు, వేళను మార్చినచో చాలును. కావున ఈ సంవత్సరపు సంచికలో ఆ వేళను గుఱించి కొంచెము విపులముగ వ్రాయ నెంచితిమి.

వినోదవన మనగా తోటలు, యంత్రములచే తిరుగు ఉయ్యాలలు, జలక్రీడలు, ప్రదర్శనములు, భోజనశాలలు ఒకే ప్రాకారములో నుండి, ప్రవేశరుసుము చెల్లించి దినమంతయు గడుపదగిన చోటు. డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగనులోని టివోలి తోట 1843 ఆగస్టు 15 న తెఱవబడి నేటికిని నడచుచున్నది. అమెరికాలో వాల్టు డిస్నీ 1955 జూలై 17 న డిస్నీలాండును తెఱచెను. ఆ మొదటి దినముననే దొంగటిక్కెట్లతో జనము విరుచుకొనిపడి ఏర్పాటులన్నియు తాఱుమాఱయ్యెను. మన ప్రాంతమున 1996 లో రామోజీ ఫిలిం సిటీ స్థాపింపబడెను. సుమారు 1,666 ఎకరముల విస్తీర్ణముతో ప్రపంచమునందలి చలనచిత్ర నిర్మాణస్థలములలో పెద్దదిగా గిన్నిసు గ్రంథమున కెక్కినది. హైదరాబాదునకు దక్షిణముననున్న రావిర్యాలలోని వండర్లా 2016 లో తెఱవబడెను.

ఇట్టి వనములకును పండుగలకును గల సంబంధము యాదృచ్ఛికము కాదు. టివోలి తోట మొదట వేసవి వినోదమే. 1994 మొదలు క్రిస్మసు దినములలోను దీపములతో తెఱచుచున్నారు. మన ఫిలిం సిటీలో దసరా దీపావళులకును, క్రిస్మసు నూతన సంవత్సరములకును ప్రత్యేకోత్సవములు జరుపుట వాడుక యైనది. అలంకారములు, ఊరేగింపులు, రాత్రి దీపములు, ఇవన్నియు పండుగనాడే చూడదగినవి. జనమును ఆనాడే వచ్చును. కొన్ని వనములలో రుసుమును ఆ దినములందే హెచ్చును. అలంకారము చూడవలయును, సమ్మర్దము తప్పించుకొనవలయును. ఈ రెంటిని పొందించుటయే మన సమస్య.

సమ్మర్దము కొంచెము పెరిగినచో వరుస మిక్కిలి పెరుగుట కెందఱో ఆశ్చర్యపడుదురు. లెక్కించి చూతము. ఒక ఉయ్యాలలో ఒకమాఱు 20 మంది కూర్చుందురనియు, ఎక్కించుటకు త్రిప్పుటకు దింపుటకు కలిపి 5 నిమిషములు పట్టుననియు అనుకొనుడు. గంటకు 12 మాఱులు, అనగా 240 మంది. గంటకు 200 మంది వచ్చుచున్నంతవఱకు వరుస యన్నది పెరుగదు. 300 మంది వచ్చినచో గంటగంటకు 60 మంది మిగిలిపోవుదురు. మూడు గంటలైన తరువాత వరుసలో 180 మంది యుందురు. అప్పుడు చేరినవాడు 45 నిమిషములు నిలువవలయును. వచ్చువారు ఒకటిన్నర రెట్లే యైరి, నిరీక్షణమో శూన్యమునుండి ముప్పాతిక గంట యయ్యెను. (గణితోపాధ్యాయులు దీనిని తొమ్మిదవ తరగతికి అభ్యాసముగ నియ్యవచ్చును.) దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. ద్వారము తెఱచిన మొదటి రెండు గంటలు బంగారము వంటివి. జనము కొంచెమే తక్కువగనున్న దినము, ఎంతో తక్కువగనున్న దినముతో సమానమైన సౌఖ్యము నిచ్చును.

సమ్మర్దమన నెట్టిదో గోపాలపట్నమువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. ఆషాఢమాసమున సింహాచల గిరిప్రదక్షిణము జరుగు రాత్రి, సుమారు 32 కిలోమీటరుల ఆ నడకలో లక్షలాది జనము మన వీథులమీదుగనే సాగిపోవును. ఆనాడు ఎన్‌.ఏ.డి. కూడలికి పోవలసినవాడు పని మానుకొని యింటనుండుట మేలు. సమ్మర్దమువలన కలుగు అపాయమును మనకు దగ్గఱనుండి తెలిసినదే. 2025 ఏప్రిలు 30 న చందనోత్సవపు వేకువజామున, వర్షమునకు గోడ కూలి, దర్శనపు వరుసలో నిలిచియున్న ఏడుగురు మరణించిరి. చిన్నపిల్లలతోను వృద్ధులతోను పోవువారు మిక్కిలి రద్దీగల దినమును విడిచిపెట్టవలయునని మేము చెప్పుటకు కేవలము సుఖము కారణము కాదు.

ఇక పండుగల తేదులు. కొన్ని కదలవు, కొన్ని కదలును. క్రిస్మసు డిసెంబరు 25 నే. మకర సంక్రాంతి సూర్యుని ననుసరించునది కావున జనవరి 14 గాని 15 గాని యగును. (ఇదియు మెల్లగ జరుగుచున్నది, 1863 లో స్వామి వివేకానందుడు జన్మించిన జనవరి 12 నాడే ఆ సంవత్సరపు సంక్రాంతి.) దసరా దీపావళులు చంద్రుని ననుసరించును. పండ్రెండు చాంద్రమాసములకు 354 దినములే గనుక ఏటేట సుమారు 11 దినములు వెనుకకు జరిగి, అధికమాసము వచ్చిన యేట మరల ముందుకు దుముకును. 2024 లో విజయదశమి అక్టోబరు 12. 2025 లో అక్టోబరు 2. 2026 లో అధిక జ్యేష్ఠము వచ్చుటచే అక్టోబరు మూడవ వారమునకు పోవుచున్నది. రంజానునకు అధికమాసము లేదు, అది వెనుకకే జరుగుచు ఋతువులన్నిటిని చుట్టివచ్చును. ఈస్టరు మార్చి 22 మొదలు ఏప్రిలు 25 లోపల ఏదో యొక ఆదివారము. అప్పుడు పదవ తరగతివారి పరీక్షలు, పిమ్మట ఎండలు, కావున దానిని విడిచిపెట్టుదము.

దసరా సెలవులలో యాత్ర చేయుట మాకు సమ్మతము కాదు. అక్టోబరు మనకు తుపానుల మాసము. 2013 లో ఫైలిన్‌ అక్టోబరు 12 న, 2014 లో హుద్‌హుద్‌ సరిగ ఆ తేదినే, 2018 లో తిత్లీ అక్టోబరు 11 న తీరము దాటినవి. 2025 లో మొంథా అక్టోబరు 28 న కాకినాడ ప్రాంతమున దాటెను. హుద్‌హుద్‌ మన పట్టణముమీదనే పడి, విమానాశ్రయపు పైకప్పును సైతము విడువలేదు. రైళ్లు నిలిచిపోయినప్పుడు ఇంటి పెద్ద పరదేశమున పిల్లలతో చిక్కుకొనుట, ఇంటికప్పు ఎట్లున్నదో తెలియకుండుట, ఇది వినోదము కాజాలదు.

డిసెంబరు సంగతి వేఱు. మిషను పాఠశాలలకు దసరా సెలవులు తగ్గించి క్రిస్మసు సెలవులు పెంచుట మన రాష్ట్రమున వాడుక. ఇంచుమించు డిసెంబరు 20 మొదలు మన పిల్లలకు బడి యుండదు; తక్కిన బడులు ఇంకను నడచుచునే యుండును. అప్పటికే వినోదవనములు అలంకరింపబడియుండును. ఎండ లేదు, వాన లేదు. డిసెంబరు 20 మొదలు 23 వఱకు గల దినములలో శనివారమును ఆదివారమును తీసివేయగా మిగిలినవి సంవత్సరమునకెల్ల మేలైన దినములని మా యభిప్రాయము. 26 మొదలు జనవరి 1 వఱకు గల వారము ఇందుకు పూర్తిగ విరుద్ధము. దేశములోని ఉద్యోగులందఱు మిగిలిన సెలవులను ఆ వారమే వాడుకొందురు.

అయితే ఇందులో రెండు చిక్కులు గలవు. ఒకటి, ఒకే యింటిలో అన్న మన బడిలోను చెల్లెలు మఱియొక బడిలోను చదువుచున్నచో ఆమెకు అప్పుడు సెలవు లేదు. చిన్న తరగతి యైనచో రెండు దినములు అడిగి తీసికొనవచ్చును, పదవ తరగతి యైనచో అడుగరాదు. రెండవది, క్రైస్తవ కుటుంబములకు ఆ నాలుగు దినములే మిక్కిలి పనిగల దినములు. పాటల సాధన, ఇంటింటి కారోల్సు, పిల్లల నాటకము, ఇల్లు వెల్లవేయుట, పిండివంటలు. ఇవి విడిచి పోయిన బాలునకు ఏ యంత్రపు టుయ్యాలయు సరితూగదు. కావున డిసెంబరు వేళ హైందవ మహమ్మదీయ కుటుంబములకు దొరకిన వరము. క్రైస్తవులు తమ వేళను సంక్రాంతిలో వెదకికొనవలయును.

సంక్రాంతికి ఒక విశేషము కలదు. పండుగకు ముందు జనమంతయు హైదరాబాదునుండి మన తట్టు వచ్చును. కనుమ దాటిన పిమ్మట మరల అటు పోవును. మనము విశాఖపట్టణమునుండి జనవరి 11, 12 తేదులలో హైదరాబాదునకు బయలుదేరి పండుగ మఱునాడు తిరిగివచ్చినచో, రెండు పయనములును ప్రవాహమునకు ఎదురుగ సాగును. వచ్చు బండిలో నిలువ జాగా లేనప్పుడు పోవు బండిలో సుఖముగ కూర్చుండవచ్చును. ఆ మూడు దినములు హైదరాబాదు వీథులు సగము ఖాళీగ నుండుట అందఱు చూచినదే. సాయంకాలము బయలుదేరి తెల్లవాఱు వేళకు చేర్చు గోదావరి ఎక్స్‌ప్రెస్‌ యున్నది; పగటి పయనము కోరువారికి వందే భారత్‌ బండి 2023 జనవరి 15 న, సరిగ సంక్రాంతినాడే, ప్రారంభింపబడినది.

లెక్క ఇంత చక్కగ కుదిరినను మేము దీనిని అందఱకు చెప్పజాలము. సంక్రాంతికి కొడుకును మనుమలును వత్తురని ధాన్యపు కుప్పవైపును బాటవైపును చూచుచు కూర్చుండు తాతగారు, విజయనగరపు పల్లెలోనో శ్రీకాకుళపు పల్లెలోనో, క్రైస్తవ గృహములలోను కలరు. పంట యింటికి వచ్చిన సంతోషమునకు మతభేదము లేదు. అట్టివారు గల కుటుంబము ఖాళీ రైలును చూచి ఆశపడి వారిని ఆ పండుగకు ఒంటరిగ విడిచిపోరాదని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము. వారినిగూడ తీసికొనిపోవుట యొక మార్గము. రైల్వేవారు వృద్ధుల రాయితీని 2020 మార్చిలో నిలిపివేసిరి గాని, వృద్ధులకును 45 ఏండ్లు దాటిన స్త్రీలకును వీలైనంతవఱకు క్రింది బెర్తు నిచ్చు ఏర్పాటు కలదు. తాతగారు ఉయ్యాల యెక్కకపోవచ్చును. సినిమాలలో చూచిన వీథిలో మనుమరాలి చేయిపట్టి నడచుట వారికిని వేడుకయే.

అమెరికాలోనున్న మన తెలుగువారికి ఈ చిక్కు ఇంకను పెద్దది. వారి పిల్లలకు దసరాకు సెలవు లేదు, సంక్రాంతికి లేదు, క్రిస్మసునకే కలదు. కావున ఫ్లోరిడాలోని డిస్నీ వనములకు అందఱును డిసెంబరు చివరి వారముననే పోవుదురు. ఆ వారమున లోపల జాగా చాలక ద్వారములు మూసివేసిన సందర్భములు కలవు. తెలిసినవారు నవంబరు నాలుగవ గురువారపు కృతజ్ఞతార్పణ పండుగ ముగిసిన తరువాత వచ్చు వారములో పోవుదురు. అప్పటికే క్రిస్మసు దీపములన్నియు వెలుగుచుండును, జనము పలుచబడియుండును. మన డిసెంబరు 20 సూత్రమే సముద్రమున కావల మఱియొక రూపమున నున్నది.

హైదరాబాదు వ్యయము భరింపలేని కుటుంబములు మన పాఠశాలలో అనేకము కలవు. ఉక్కు కర్మాగారమునందో ఓడరేవునందో కాంట్రాక్టు కూలికి పోవువానికి నలుగురి టిక్కెట్లు, బస, ప్రవేశరుసుము నెల జీతమును మించవచ్చును. అట్టివారు కైలాసగిరిని గాని, కిరండూలు రైలులో బొఱ్ఱా గుహలను అరకును గాని యెన్నుకొనుట మేలు. నవంబరు డిసెంబరులలో వలిసెపూలతో అరకు పొలములు పసుపు ఆరబోసినట్లుండును. ఏ కంపెనీయు దానికి రుసుము గైకొనదు. ఇచ్చటను అదే న్యాయము: ఆదివారములును, జనవరి 1 యును, కనుమనాడును విడిచిపెట్టవలయును. షిఫ్టు పనివారికి వారమధ్యమున విశ్రాంతి దినము దొరకుట ఇందు గొప్ప సౌకర్యము.

టిక్కెట్ల మాట చెప్పవలసియున్నది. 2024 నవంబరు 1 మొదలు రైలు టిక్కెట్టు కొనుట 120 దినములకు బదులు 60 దినములు ముందుగ మాత్రమే సాధ్యము. పయనపు దినము లెక్కకు రాదు. డిసెంబరు 20 నాటి పయనమునకు అక్టోబరు 21 ఉదయము 8 గంటలకును, జనవరి 12 నాటి దానికి నవంబరు 13 న, అనగా బాలల దినోత్సవమునకు ముందునాడును, టిక్కెట్లు ఈయ నారంభింతురు. తిరుగు పయనపు టిక్కెట్టు దాని తేదినిబట్టి వేఱుగ తెఱవబడును. దానిని మఱచి పోవు టిక్కెట్టుతో తృప్తిపడువారు పలువురు. పిల్లల ఎత్తును ఇంటనే కొలిచి వ్రాసికొనుడు. పెద్ద యంత్రములపై నిర్ణీతమైన ఎత్తు లేనివారిని ఎక్కనీయరు. వరుస చివరకు పోయిన పిమ్మట ఆ సంగతి తెలిసిన పిల్లవానిని ఓదార్చుట కష్టము. ద్వారము తెఱచుటకు అరగంట ముందే చేరి, లోనికి పోవగనే దూరముగనున్న యుయ్యాలను ముందుగ ఎక్కి, అందఱు భోజనమునకు పోవు ఒంటిగంటకు మీరు ఎక్కుచు, రెండున్నరకు భోజనము చేయుడు. పండుగ దీపములు సాయంకాలమున గాని వెలుగవు గనుక, వృద్ధులును పసిపిల్లలును మధ్యాహ్నము ఏదేని నీడపట్టున ఒక నిద్ర తీసినచో రాత్రి ఊరేగింపునకు మేలుకొని యుందురు.