చీటీ ఏదంటే కోపమెందుకు?

సాయంత్రం ఏడు గంటల వేళ ఏ మందుల షాపు ముందైనా ఓ పావుగంట నిలబడి చూడండి. "డాక్టరు చీటీ లేనిదే మందులు ఇవ్వబడవు" అని బోర్డు ఉంటుంది. దాని కిందే నిలబడి ఒకాయన ఖాళీ అట్ట చూపించి, "ఇవే ఓ పది బిళ్ళలు ఇవ్వవయ్యా" అంటాడు. చీటీ ఏదండీ అని కుర్రాడు అడిగాడో, గొంతు లేస్తుంది. "నిన్నగాక మొన్న షాపు పెట్టావు, నాకు చెబుతావా? పక్క షాపులో అడక్కుండా ఇస్తారు!"

ఇటువంటివారితో ఎలా వేగమంటారని మందుల షాపు నడిపే ఒక పాఠకుడు అడిగారు. ఇది వ్యాపారం సంగతి, నాకెందుకని నేను అనుకోలేదు. ఆ కౌంటరు దగ్గర మొదలైన తగవు చాలాసార్లు మా వార్డులోకి వచ్చి తేలుతుంది.

కొన్నేళ్ళ క్రితం యాభై దాటిన ఒకావిడను వాంతులతో, స్పృహ తప్పే స్థితిలో మా ఆసుపత్రికి తెచ్చారు. రక్తపుపోటు బాగా పడిపోయింది. ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బి ఉంది. చేతుల మీద చర్మం ఉల్లిపొరలా పలచబడింది. కొడుకును గుచ్చి గుచ్చి అడిగితే అసలు సంగతి బయటపడింది. మోకాళ్ళ నొప్పులకు ఎప్పుడో ఒక డాక్టరు అయిదు రోజులకని రాసిన స్టీరాయిడ్ బిళ్ళలను అదే చీటీ చూపించి ఏడాదిన్నర కొన్నారు. నొప్పి పోయింది, ఆకలి పెరిగింది, "మహా మంచి మందు" అనుకున్నారు. పెళ్ళికని ఊరు వెళ్ళినప్పుడు బిళ్ళలు అయిపోతే నాలుగు రోజులు మానేశారు. అంతే!

మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు ఈ రకం హార్మోనును శరీరానికి కావలసినంత తయారు చేస్తుంటాయి. బయటనుంచి రోజూ వచ్చి పడుతుంటే అవి పని మానేస్తాయి. మందు హఠాత్తుగా ఆగినప్పుడు వెంటనే మేలుకోలేవు. ఆవిడ బతికింది. కాని ఆ మందును కొద్దికొద్దిగా తగ్గించి మాన్పించడానికి నెలలు పట్టింది. రక్తంలో చక్కెర కూడా పెరిగి ఉంది. తప్పు ఎవరిదని కొడుకు అడిగాడు. అమ్మినవాడిదీ, కొన్నవారిదీ అన్నాను. మా డాక్టర్ల గిలుకుడు రాతకు కూడా ఇందులో వాటా లేకపోలేదు.

చీటీ అడగడం షాపువాడి పెంకితనం కాదు. 1940 నాటి ఔషధాల చట్టం కింద 1945లో వచ్చిన నిబంధనలు అతని లైసెన్సుకు షరతులు. చీటీ మీద డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు ఉండాలి. మళ్ళీ ఇవ్వవచ్చని డాక్టరు రాస్తే తప్ప, ఒక చీటీకి ఒక్కసారే మందు. ఇచ్చినప్పుడు దాని మీద షాపు పేరు, తేదీ వేయాలి. 2014 మార్చి నుంచి కొన్ని యాంటీబయాటిక్‌లు, క్షయ మందులు, ఆల్ప్రజోలం వంటి బిళ్ళలు అమ్మితే వేరే రిజిస్టరులో రాసి, దానిని మూడేళ్ళు దాచాలి.

కాబట్టి షాపు బాబూ, వాదనకు దిగవద్దు. ఆ రిజిస్టరు తెరిచి ముందు పెట్టి, "డాక్టరుగారి పేరు ఏమని రాయమంటారండీ?" అని నెమ్మదిగా అడగండి. సగం మంది అక్కడే చల్లబడతారు. "లేదు" అని ఊరుకోకుండా, ఇవ్వగలిగింది చెప్పండి. జ్వరానికి పారాసెటమాల్ ఉంది, విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. ఉంది. నిన్న మొహమాటానికి ఇచ్చి ఇవాళ ఇవ్వనంటే మాత్రం ఆ తగవు మీరు తెచ్చుకున్నదే. వాడగా మిగిలిన ఇన్సులిన్ వెనక్కు తీసుకోమని పేచీ పెట్టేవారికి, ఇంట్లో దానిని ఎంత చల్లదనంలో ఉంచారో మీకు తెలియదనీ, మీ పిల్లలకైతే అటువంటిది కొంటారా అనీ చెప్పండి.

ఒక్కరి విషయంలో జాగ్రత్త. నిద్రబిళ్ళల కోసం చేతులు వణుకుతూ, చెమటలు పోస్తూ అరిచే మనిషిని కసిరి పంపకండి. అతను వాటికి అలవాటు పడి ఉండవచ్చు. హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. ఇంటివాళ్ళకు కబురు చేసి ఆ రోజే ఆసుపత్రికి పంపండి.

ఇక కొనేవారు. చిన్న ఊళ్ళో రాత్రి పదింటికి డాక్టరు ఎక్కడ దొరుకుతాడండీ అంటారు. నిజమే, నేను కాదనను. కాని బి.పి., చక్కెర జబ్బు మందులు రాత్రి పదింటికి హఠాత్తుగా అయిపోవు కదా! ఈసారి డాక్టరును చూసినప్పుడు, ఈ మందు ఎన్ని నెలలు, ఎన్నిసార్లు తీసుకోవచ్చో చీటీ మీదే రాయించుకోండి. అలా రాసి ఉంటే ఆ గడువు వరకు షాపువాడు నిరభ్యంతరంగా ఇస్తాడు. ఆ చీటీని ఒక కవరులో పెట్టి, నాలుగు బిళ్ళలు మిగిలి ఉండగానే షాపుకు బయలుదేరండి.