యంత్రానికి నిద్ర – దత్తాంశ నిర్మాణాల పాత్ర

విద్యుత్తును పొదుపు చేయడమనగానే మనకు పెద్ద బ్యాటరీయో, మేలురకపు చిప్పో స్ఫురిస్తుంది. లెక్కలను ఏ క్రమంలో పేర్చి ఉంచవలెననే విద్యకు కూడా అందులో పెద్ద పాత్ర ఉన్నదని గుర్తించేవారు తక్కువ. మిరప కల్లంలో రాత్రంతా కాపలా ఉండే రైతు చేతిలోని ఫోనుకు చార్జీ తెల్లవారేదాకా నిలుస్తున్నదంటే, దానిలో ఈ విద్య ఫలితం కూడా కొంత కలదు.

ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయ వంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. పని లేనప్పుడు ప్రాసెసరును నిద్రపుచ్చడం దాని బాధ్యత. నిద్ర ఎంత గాఢమైతే విద్యుత్తు ఖర్చు అంత తక్కువ. కాని గాఢనిద్రలోకి పోవడానికి, తిరిగి లేవడానికి కూడా కొంత కాలము, కొంత శక్తి వ్యయమవుతాయి. కాబట్టి నిద్రకు ముందే కెర్నెల్ ఒక ప్రశ్న వేసుకొనవలెను: “తరువాతి పని ఎప్పుడు?”

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్‌ను పరిశీలిద్దాము. పూర్వం అందులో గడియారం సెకనుకు 100 సార్లు, తరువాతి అమరికలలో 250 లేక 1000 సార్లు ప్రాసెసరును తట్టేది. పని లేకున్నా లేవవలసిందే. లారీ వచ్చిందా అని నిమిష నిమిషానికీ లేచి చూసే కావలివానికి నిద్ర ఎక్కడిది? 2007లో వెలువడిన 2.6.21 కూర్పు నుండి, ఖాళీగా ఉన్న ప్రాసెసరు తరువాతి టైమరు వేళ వరకు నిద్రించే ఏర్పాటు వచ్చింది. అయితే ఆ వేళను క్షణంలో కనుగొనాలి కదా!

వేయి టైమర్లను క్రమం లేకుండా జాబితాగా వ్రాస్తే, అన్నిటికంటె ముందుదానికోసం వేయింటినీ చూడాలి. వరుసగా వ్రాస్తే మొదటిది వెంటనే దొరుకుతుంది. కాని కొత్తదానిని సరియైన చోట చేర్చడానికి చాలా దూరం నడవవలసి రావచ్చు. ఈ చిక్కును తీర్చే ఉపాయాలలో ఒకటి, 1978లో గిబాస్, సెడ్జ్‌విక్‌లు వివరించిన ఎరుపు–నలుపు వృక్షం. ముందు వేళలు ఎడమకు, తరువాతి వేళలు కుడికి ఉంటాయి. రంగుల నియమం చెట్టు ఒకవైపుకే ఒరిగిపోకుండా కాపాడుతుంది. వేయి టైమర్లున్నా 20 మెట్లకు మించి దిగనక్కరలేదు. 2006 నుండి లినక్స్‌లో సూక్ష్మకాలపు టైమర్లను ఈ చెట్టులోనే ఉంచుతున్నారు.

అన్ని పనులకూ అంత కచ్చితత్వం అక్కరలేదు. జవాబు రాకపోతే మళ్ళీ అడగడానికి పెట్టుకొనే టైమర్లు చాలా వరకు మ్రోగకముందే రద్దవుతాయి. వీటికి తగినది కాలచక్రం. 1987లో జార్జ్ వర్గీస్, టోనీ లాక్‌లు దీనిని గురించి పరిశోధన పత్రం ప్రకటించారు. చక్రంలో గదులుంటాయి, వేళను బట్టి గది సంఖ్యను లెక్కగట్టి టైమరును అందులో వేయడమే పని. వెదకులాట లేదు.

2016లో థామస్ గ్లైక్స్‌నర్ లినక్స్ కాలచక్రాన్ని తిరిగి నిర్మించినాడు. అందులో అంతస్తుకు 64 గదులు. పై అంతస్తులో గది కింది అంతస్తులోని గదికి 8 రెట్ల కాలాన్ని ఆక్రమిస్తుంది. దూరపు టైమరు కొంచెం ఆలస్యం కావచ్చు గాని, ముందుగా మాత్రం మ్రోగదు. ఇందువల్ల వేరువేరుగా మ్రోగవలసినవి ఒకే గదిలో చేరి ఒక్కసారే మ్రోగుతాయి. నలుగురు రైతుల మిరప టిక్కీలు ఒకే లారీలో గుంటూరు యార్డుకు పోయినట్లు, నాలుగు మెలకువలు ఒక్క మెలకువతో తీరుతాయి. ఏ గదిలో టైమరు ఉన్నదో, ఏది ఖాళీయో తెలుపడానికి గదికొక బిట్టు చాలు.

కెర్నెల్ ఇంత శ్రమించినా, అవసరం లేకుండా సెకనుకొకసారి లేపమని అడిగే ప్రోగ్రాం ఒక్కటి చాలు, ఆ పొదుపును చెడగొట్టడానికి. రేపు ప్రోగ్రాములు వ్రాయబోయే మన విద్యార్థులు ఈ సంగతి గమనింతురుగాక. లినక్స్ మూలపాఠం ఎవరైనా ఉచితంగా చదువుకొనవచ్చు. అందులో టైమర్ల భాగానికి మొదట కాలచక్రపు పట్టికలు, వివరణ ఉన్నవి. తరగతిలో నేర్చిన జాబితాలు, వృక్షాలు నిత్యజీవితంలో ఏ పనికి వస్తాయో చూడగోరువారు అక్కడనుండి ప్రారంభించవచ్చునని మా సూచన.