గర్భాశయ కంఠమునందలి వైరసు రకములు

మన గోదావరి మండలములలో వరిచేలును కాలువగట్లును పాములకు ఉనికిపట్లు. నీరుకట్టెలును జెఱ్ఱిపోతులును మనకు అడుగడుగున కనిపించును. త్రాచు, కట్లపాము, రక్తపింజరి అంత తరచుగా కానరావు. అయినను ప్రాణము దీయునవి ఈ కొలదిపాటివే. తరచుగా కనిపించుట వేరు, అపాయకరమగుట వేరు. నేను నేడు మనవి చేయబోవు విషయమున ఈ భేదమే ముఖ్యము.

గర్భాశయము యొక్క క్రిందిభాగమున మెడవలె సన్నగిలిన చోటును గర్భాశయ కంఠమందురు. అచ్చట పుట్టెడి క్యాన్సరుచేత 2022వ సంవత్సరమున మన దేశమందు సుమారు 80 వేలమంది స్త్రీలు మరణించిరని అంచనా వేయబడినది. ఈ రోగము కర్మఫలము కాదు, దృష్టిదోషము కాదు. దీనికి మూలము హ్యూమన్ పాపిలోమా అనెడి వైరసు. జర్మనీ దేశపు వైద్యుడు హెరాల్డ్ జుర్ హౌజెన్ ఈ క్యాన్సరు కణములయందు 1983లో 16వ రకమును, మరుసటి ఏట 18వ రకమును కనుగొనెను. అందులకై 2008లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను.

ఈ వైరసులో ఇన్నూటికి పైగా రకములు కలవు. వానికి పేర్లు లేవు, సంఖ్యలే గుర్తులు. కొన్ని చేతులమీదను కాళ్లమీదను పులిపిరులను మాత్రమే పుట్టించును. 6, 11 అను రకములు మర్మస్థానములందు పులిపిరులను గలిగించునే గాని క్యాన్సరు గలిగింపవు. గర్భాశయ కంఠమునకు క్యాన్సరు దెచ్చునవని నిశ్చయముగా తేలినవి ఇంచుమించు పండ్రెండు మాత్రమే.

ఇక మన తెలుగు స్త్రీలలో ఏ రకము ఎంతగా నున్నది? హైదరాబాదు నందలి పరిశోధకులు ఈ విషయమును శోధించి 2005లో ప్రకటించిరి. క్యాన్సరు సోకిన 41 మంది స్త్రీలను పరీక్షింపగా 36 మందియందు అపాయకరమైన రకములు కనిపించెను. ఆ 36 మందిలో మూడింట రెండువంతులవారికి 16వ రకము, సుమారు ఐదవవంతువారికి 18వ రకము ఉండెను. సామాన్య పరీక్షకు వచ్చిన స్త్రీలలోనో, ఇంచుమించు పదిమందిలో ఒకరికి మాత్రమే అపాయకరమైన వైరసు కనిపించెను. వారియందు 16వ రకముతోపాటు 52 మొదలగు ఇతర రకములును చెదరి యుండెను. అనగా ఆరోగ్యవంతులలో పలు రకములు తిరుగాడుచుండగా, క్యాన్సరు దాక తెచ్చుటలో 16వ రకము మిగిలినవానిని మించినది. ప్రపంచమంతటను ఇట్లే యున్నది. ఈ క్యాన్సరులో నూటికి డెబ్బదివంతులు 16, 18 రకములవలననే కలుగుచున్నవి.

ఇచ్చట పెద్దలు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ వైరసు దాంపత్య సంబంధమున సంక్రమించును. పురుషులయందును ఇది యుండును. ఏ బాధయు తెలియనీయక ఏండ్లకొలది అణగి యుండవచ్చును. కనుక పరీక్షలో ఇది కనిపించినదని ఒక ఇల్లాలి శీలమును శంకించుట అన్యాయము, అజ్ఞానము. ఆ భయముచేతనే పెక్కుమంది పరీక్షకు పోక, రోగము ముదిరిన పిమ్మట ఆసుపత్రి చేరుచున్నారు. మరియు వైరసు సోకినవారందరికిని క్యాన్సరు రాదు. అధిక సంఖ్యాకులలో అది రెండేండ్లలోపల తనంతట తానే అణగిపోవును. అణగక నిలిచినప్పుడే అపాయము. అదియును సాధారణముగా పది పదునైదేండ్లకు గాని క్యాన్సరుగా మారదు. ఆ వ్యవధియే మనకు దొరికిన అవకాశము.

ఆ అవకాశమును వినియోగించుకొనిన ఫలితమెట్టిదో మహారాష్ట్రమున ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో రుజువైనది. ముప్పదేండ్లు దాటిన స్త్రీలకు ఒక్కసారి ఈ వైరసు పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేయగా, పరీక్ష లేనివారితో పోల్చినచో మరణములు ఇంచుమించు సగమునకు తగ్గినవని 2009లో వెల్లడియైనది. పలుచని ఎసిటిక్ ఆమ్లము పూసి, తెల్లబారిన మచ్చలను కంటితో చూచెడి సులభమైన పరీక్షయు కలదు. ముప్పది మొదలు అరువదియైదేండ్ల వరకు గల స్త్రీలకు దీనిని చేయవలెనని కేంద్ర ప్రభుత్వము 2016లో విధించినది.

16, 18 రకములను అడ్డుకొను టీకా కూడ కలదు. వైరసు సోకకమునుపే, తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల బాలికలకు వేయించిన ఫలము మెండు. సోకిన వైరసును అది పోగొట్టదు. 2009లో ఖమ్మము జిల్లా భద్రాచలము మొదలగు మండలములలో బాలికలకు ఈ టీకా వేయగా, కొందరు బాలికలు మరణించుటచే 2010లో ఆ కార్యమును నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రుల అనుమతి గైకొన్న తీరు సరిగాలేదని తేలినది. అందుచేత వివరమడుగుట తల్లిదండ్రుల హక్కు. వివరము తెలిసికొని ముందునకు వచ్చుట వారి ధర్మము.

ఋతుకాలము కాని దినములందును, ముట్లుడిగిన పిమ్మటను, సంగమానంతరమును రక్తము కనిపించినను, దుర్వాసనతో తెల్లబట్ట అగుచున్నను జాగు చేయరాదు. ఏ లక్షణమును లేకున్నను ముప్పదేండ్లు దాటిన స్త్రీలు పరీక్ష చేయించుకొనుట మేలు. ఇంటి పెద్దలు సిగ్గును కొంచెము ప్రక్కకు నెట్టి, కోడండ్రను కుమార్తెలను తామే వెంటబెట్టుకొని వైద్యశాలకు పోయినచో, ఎందరో తల్లులు తమ బిడ్డలకు దక్కుదురు.